గేటు దాటితే దొరకని పేరు

సేటు బోర్డులు చదివేటోడు. స్కూటర్ మీద పటాన్‌చెరు నుంచి కర్దనూర్ పోవాల్నంటే ఎవరికన్న పట్టేదానికి ఆయనకు రెండింతలు పట్టేది. దారిల కనపడ్డ ప్రతి బోర్డు గట్టిగ చదవాలె. తెలుగుల తప్పుంటే బండి ఆపాలె, దుకాణపాయనను బయటికి పిలువాలె, "దీర్ఘమేడ పాయె?" అని అడగాలె. కిష్టారెడ్డిపేట అన్న పేరును ఒక్కో అపార్ట్‌మెంటోళ్లు ఇంగ్లీషుల ఒక్కో తీరుగ రాసుకున్నరని ఆయనకు ఒకటే మంట. వెనక కూసున్న నేను ఎండకు మాడుతుంటే, "ఊరు ఒక్కటే గదనే బిడ్డా, పేరు ఇన్ని తీర్ల ఎందుకుండాలె?" అని నన్ను అడిగేటోడు, ఆ పేర్లన్నీ నేనే రాయించినట్టు.

పోయిన నెల, ఆయన కాడ పనిచేసిన లైన్‌మన్ సత్తయ్య ఫోన్ చేసి "సేటు పోయిండు మేడం" అన్నప్పుడు నాకు ముందుగాల యాదికొచ్చింది ఆ స్కూటర్ మీది తిరుగుడే.

ఆయన పేరు ఇక్కడ రాయను. పేర్ల కోసం అంత కొట్లాడిన మనిషి పేరు రాయకపోవుడు అన్యాయమే. కానీ రాస్తే ఇంట్ల ఇంకా ఉన్నోళ్లకు బాగుండదు. బజారంత సేటు అనే పిలిచేది. నేనూ గట్లనే పిలిచిన.

సంగారెడ్డి గంజ్‌ల వాళ్లది పప్పుల దుకాణం. దాన్ని తమ్మునికి వదిలేసి ఈయన కేబుల్ టీవీలోకి వచ్చిండు, తర్వాత ఇంటర్నెట్‌లోకి. పటాన్‌చెరుల ఒక బేరింగుల దుకాణం పైన ఆఫీసు. అమీన్‌పూర్ కాలనీల నుంచి కర్దనూర్ దాకా ఆయన తీగలే. చదువు అయిపోంగనే నెట్‌వర్క్ చూసే ఉద్యోగానికి నేను ఆ మెట్లెక్కిన. మొదటి రోజు నా పేరు అడిగిండు, మా ఇంటిపేరు అడిగిండు, మా అమ్మమ్మ వాళ్ల ఇంటిపేరు కూడా అడిగిండు. సర్టిఫికెట్లు చూడనేలేదు.

"మా ఇంటిపేరు ఏమైందో తెలుసునా నీకు?" అన్నడు.

ఆ ఇంటిపేరు మీద డాట్ కామ్ సైటు పెట్టుకుందామని చూస్తే, ఎక్కడో అమెరికాల ఎవడో ముందే పట్టుకున్నడట. తెరిస్తే పేకాట ప్రకటనలు. ఎవరెవరికో మెయిళ్లు పెట్టిండు. ముందు ఎవరు అడిగితే వాళ్లదే పేరు అని జవాబు వచ్చిందట. "మా తాత పుట్టకముందు నుంచి ఉన్న పేరు అది. ఇగ నేను వెనక వచ్చినోన్నట!" ఈ మాట ఆఫీసుకు వచ్చిన ప్రతి మనిషికీ చెప్పేటోడు. చెప్పినప్పుడల్లా జేబులకెళ్లి చిన్న స్టీలు డబ్బ తీసి సోంపు చేతుల పోసేటోడు. సోంపు నోట్ల పడ్డదంటే ఎదుటోడు ఇంక వాదించొద్దని అర్థం.

ఇక్కడ కొంచెం విడమరిచి చెప్పాలె. ఫోన్‌ల మనం ఒక సైటు పేరు కొడితే ఆ పేరుకు నంబరు ఏదో ఎవరన్న చెప్పాలె, ఎందుకంటే యంత్రాలకు తెలిసింది నంబర్లే. డాట్ కామ్ సంగతి ఎవర్ని అడగాలె, డాట్ ఇన్ సంగతి ఎవర్ని అడగాలె అని చెప్పే అన్నిటికన్న పై పట్టికను రూట్ అంటరు. లోకమంతటికి ఆ పట్టిక ఒక్కటే. సేటు భాషల చెప్పాల్నంటే, అది ఎవరి ఇల్లు ఎక్కడో పత్తాలు చెప్పే పెద్దమనిషి. ఆ పెద్దమనిషికి తెల్వని పేరు ఇంటర్నెట్‌ల లేనట్టే.

"ఒక్కటే ఉండాల్నని ఎవడు చెప్పిండు?" అన్నడు సేటు. "ఆ పట్టిక నకలు తెచ్చి మన సర్వర్ల పెట్టు. దానికింద మన పేర్లు కలుపు. మన గిరాకీలు మన సర్వర్‌నే గద అడుగుతరు."

చేసుడు పెద్ద కష్టం కాదు. పెట్టి ఇచ్చిన. దేశదేశాల్ల ఇట్ల సొంత రూట్లు పెట్టుకునేటోళ్లు ఉన్నరు, వాళ్లకూ ఒక్క రూటే ఉండాలనేటోళ్లకూ ఎన్నో ఏండ్ల సంది వాదులాట నడుస్తున్నది. మా ఆఫీసుల ఆ వాదులాట సేటుకు, నాకు నడిచింది.

సేటు పెట్టుకున్న పేరు 'మనూరు'. చివర్ల డాట్ కామ్ ఉండే చోట డాట్ మనూరు. ఆయన కనెక్షన్ ఉన్నోళ్లకు ఊరికెనే ఇచ్చిండు. టైలర్ దుకాణం, మిర్చి గిర్ని, ఫంక్షన్ హాలు, ఆఖరికి ఒక మంగలి దుకాణం కూడా తెలుగు అక్షరాల్ల పేరు రాయించుకున్నయి. బ్రౌజర్ దాన్ని సైటు పేరని గుర్తుపట్టక, వట్టి మాట అనుకొని వెతుకులాటకు పోయేది. అందుకని పేరు తర్వాత ఒక వాలుగీత, అదే స్లాష్, పెట్టాలె. ఆ గీత సంగతి సేటు ఇంటింటికీ తిరిగి నేర్పిండు. ముసలోళ్ల వేలు పట్టుకొని గీత పెట్టించిండు. అయినా తెరిచినప్పుడల్లా 'ఈ సైట్ సురక్షితం కాదు' అని ఎర్రగ వచ్చేది, ఎందుకంటే అసలు పట్టికల లేని పేరుకు ఇది భద్రమైన సైటే అని ఏ కంపెనీ సర్టిఫికెట్ ఇయ్యది. "సూసినవా, మనది సురక్షితం కాదట!" అని పండ్లు కొరికేటోడు.

నేను ఊరుకోలే. "సేటు, రేపు ఇంకొకాయన సొంత రూట్ పెట్టి, ఆయన కూడా మనూరు అనే పేరే పెట్టుకుంటే? ఒకే పేరు కొడితే ఒకరికి టైలర్ దుకాణం, ఇంకొకరికి కల్లు దుకాణం తెరుచుకుంటది."

"పటాన్‌చెరుల ఎంతమంది లక్ష్ములు లేరు? మా గల్లీల లక్ష్మీ అని పిలిస్తే మా లక్ష్మే వస్తది."

"గల్లీల అయితే వస్తది. ఇది గల్లీ కాదు గద. తెలుగు పేర్లు అసలు పట్టికల కూడా ఇప్పుడు దొరుకుతున్నయి, అడిగి తీసుకుందాం."

"అడిగి." ఆ ఒక్క మాట పట్టుకున్నడు. "మన పేరు మనం అడుక్కోవాలె." తర్వాత సోంపు డబ్బ తీసిండు.

ఆయన కనెక్షన్ ఉన్న ఇంట్ల ఆ పేర్లన్నీ తెరుచుకునేవి. ఇల్లు దాటి, గేటు దాటి, ఫోన్ సొంత డేటా మీదికి పోంగనే 'దొరకలేదు' అని వచ్చేది. సేటు మాత్రం ఆ మాట తన ముంగట ఎవ్వర్నీ అననియ్యలేదు.

ఒకసారి హైదరాబాద్‌ల పెద్ద హోటల్ల ఇంటర్నెట్ పేర్ల మీద చర్చ పెట్టిన్రని తెలిసి నన్ను వెంటబెట్టుకొని పోయిండు. ఇస్త్రీ చేసిన తెల్ల అంగి, మెడల పేరున్న కార్డు. ఆ కార్డు మీద తన పేరుల ఒక అక్షరం తప్పు పడ్డదని లోపలికి పోకముందే కొట్లాడి మార్పించిండు. ప్రశ్నలు అడగమనంగనే మైక్ పట్టుకొని లేచిండు.

"నాది ఒక్కటే సవాల్. ఆ పట్టికల మా పేరు ఉండాల్నా వద్దా అని చెప్పెతందుకు మీకు అధికారం ఎవరిచ్చిన్రు?"

ఎవరో ఆ మాటను వేదిక మీదోళ్లకు ఇంగ్లీషుల మార్చి చెప్పిన్రు. వేదిక మీదాయన నవ్వుకుంట, ఒక పేరు కొడితే లోకంల ఎక్కడున్నోళ్లకైనా ఒకే చోటు తెరుచుకోవాలె, రూట్లు రెండయితే ఆ నమ్మకం పోతదని చెప్పిండు. ఆ మాట నాకు నిజమే అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తది. కానీ ఎవరిచ్చిన్రన్నదానికి ఆయన జవాబు చెప్పలే. సేటు ఉత్సాహాన్ని మెచ్చుకుందామని చెప్పి, అందరితోని చప్పట్లు కొట్టించిండు. ఆ చప్పట్లకు సేటు ముఖం మాడిపోయింది. వాపసు వస్తుంటే బీరంగూడ దాకా ఒక్క బోర్డు కూడా చదవలే.

"తిట్టినా బాగుండు బిడ్డా. చప్పట్లు కొట్టి కూసోవెట్టిన్రు" అన్నడు అప్పుడు.

యాదమ్మ మా మెట్లెక్కింది ఆ తర్వాతనే.

యాదమ్మది కర్దనూర్ పక్కన పల్లె. ఒక మందుల కంపెనీల కాంట్రాక్టు మీద డ్రమ్ములు కడిగేది. చేతుల తోలు లేచిపోయినంక పని మానింది. ఆమె, ఇంకో నలుగురు కలిసి 'గాలి' అని ఒక సైటు నడిపేటోళ్లు. పొద్దున గాలి ఏ వాసన వస్తున్నది, ఏ వాడల పిల్లల కండ్లు మండినయి, నాలాల నీళ్లు ఏ రంగుల పారుతున్నయి అని రాసేటోళ్లు. ఒక ఫోటో, కింద రెండు మాటలు, అంతే. ఒక కంపెనీ వకీలు ఆ పేరు ఇచ్చినోళ్లకు ఇంగ్లీషుల నోటీసు పంపిండు. వాళ్లు యాదమ్మను ఒక్క మాట అడగకుండనే పేరు బంద్ చేసి, ఇంగ్లీషుల ఒక మెయిలు పంపిన్రు.

"రాసినవన్నీ ఉన్నయి సేటూ. పేరే లేదు. పేరు లేకపోతే ఎవరు సూస్తరు?" అన్నది.

సేటు ముఖం అంత వెలిగిపోవుడు నేను మళ్ల చూడలే. కుర్చీల నుంచి లేచి ఆమెకు తనే నీళ్లు తెచ్చిండు. "గాలి డాట్ మనూరు. ఇగో ఇప్పుడే పెడుతున్నం. దీన్ని తీసేటోడు ఇంక పుట్టలే" అన్నడు. పేర్లు ఇచ్చే ఇంకో కంపెనీ దగ్గర, అసలు పట్టికల ఉండే పేరు కూడా ఒకటి తీసుకుందామని నేనన్న. "మళ్ల వాళ్లే తీస్తరు" అన్నడు. యాదమ్మను పక్కకు పిలిచి అదే మాట చెప్తే, "వద్దు మేడం, సేటు మనసు కష్టపెట్టుకుంటడు" అన్నది.

కొన్ని నెలలు ఆ పేరు బాగ నడిచింది. అమీన్‌పూర్ అపార్ట్‌మెంట్లల్ల ఆడోళ్లు పొద్దున్నే గాలి చూసి కిటికీలు తెరవాల్నా వద్దా అనుకునేటోళ్లు. గీత పెట్టుడు అందరికీ వచ్చేసింది. వాదంల నేనే ఓడిపోయిన అనుకున్న.

అప్పుడు సంగారెడ్డిల కాలుష్యం సంగతి చూసే అధికారికి అర్జీ ఇచ్చెతందుకు యాదమ్మ పోయింది. నేనూ తోడుపోయిన. అధికారి మంచిగనే మాట్లాడిండు, కుర్చీ చూపిచ్చిండు. సైటు పేరు చెప్పమని తన కంప్యూటర్ల కొట్టిండు. దొరకలేదు. యాదమ్మ లేచి "ఎనక గీత పెట్టాలె సారూ" అన్నది. గీత పెట్టిండు. దొరకలేదు. తన ఫోన్‌ల చూపియ్యబోయింది. సేటు తీగ ఆడికెక్కడిది? దాంట్లనూ దొరకలేదు. దాచుకున్న ఫోటోలు చూపిస్తే, "ఇవి ఎక్కడివైనా కావచ్చు గదమ్మా, సైటుల ఉన్నయన్నవు, సైటు చూపియ్యి" అన్నడు.

"ఉన్నది సారూ. పొద్దుగాల మా ఇంట్ల సూసే వచ్చిన."

"అసలు ఇట్లాంటి పేరే లేదమ్మా" అన్నడాయన, కోపం లేకుండనే.

యాదమ్మ ఆ తెరను చూసుకుంట నిలబడ్డది. తన ఇంటి తలుపుకు వేరేవాళ్ల తాళం కనపడ్డట్టు ఉన్నది ఆమె చూపు. సేటుకు చెప్తే, "ఆ ఆఫీసోళ్లను మన కనెక్షన్ తీసుకొమ్మను" అన్నడు. నవ్వులాటకు అనలే. అది నాకు ఇంకా కష్టమనిపించింది.

తర్వాత వానాకాలంల 'గాలి' సైటుల ఒక ఫోటో పడ్డది. తెల్లారంగ కర్దనూర్ నాలా కాడ ఒక ట్యాంకర్ ఆగి ఉన్నది, దాని పైపు నాలాల ఉన్నది, కింద నీళ్లు ఎర్రగ నురగ కక్కుతున్నయి. ట్యాంకర్ మీద కంపెనీ పేరు స్పష్టంగ ఉన్నది. ఆ ట్యాంకర్ల కంపెనీ సేటు తమ్మునిది. పప్పుల వ్యాపారం కలిసిరాక ట్యాంకర్లు తిప్పుతున్నడని మాకందరికి తెలుసు. వాటిల ఏం పోసుకపోతడో ఎవరమూ అడగలే.

మర్నాడు పగలు తమ్ముడు ఆఫీసుకు వచ్చిండు. లొల్లి చేయలే. అన్న ముంగట కూసొని, "అమ్మ రెండు పూటల నుంచి ముద్ద ముట్టలే" అని ఒక్క మాట చెప్పి పోయిండు. సేటు తీసిన సోంపు డబ్బను తెరవకుండనే మళ్ల జేబుల పెట్టుకున్నడు.

తెల్లారి గాలి డాట్ మనూరు తెరుచుకోలే. సర్వర్ల చూసిన. వేరే పేర్లన్నీ ఉన్నయి, ఆ ఒక్క వరుస లేదు. సర్వర్‌ల చేయి పెట్టేటోళ్లం ఇద్దరమే, ఆయన, నేను. నాకు చెప్పకుండ ఆయనే కూసొని తీసిండు. వరుస తీసుడు ఆయనకు నేర్పింది నేనే.

మధ్యాహ్నం యాదమ్మ వచ్చింది.

"సేటూ, పేరు తెరుసుకుంటలేదు."

"టెక్నికల్ ప్రాబ్లం యాదమ్మా. సూస్తున్నం."

ఆమె నా దిక్కు తిరిగింది. "గంతేనా మేడం?"

"కాదు" అన్న నేను.

సేటు నన్ను చూడలే. బల్ల మీది కాయితాలు సదురుకుంట కూసున్నడు. తర్వాత, నేను ఆయన నోట ఎన్నడూ వినని గొంతుతోని, "సర్వరు నాది. రూటు నాది. దాంట్ల ఎవరి పేరుండాల్నో నేను సూసుకుంట" అన్నడు.

కింద బేరింగుల దుకాణంల ఎవరో ఇనుము మీద సుత్తె కొడుతున్నరు.

"మొదట పేరిచ్చినోడు కూడ గిదే అన్నడు సేటూ" అన్నది యాదమ్మ. "కాకపోతే ఆడు ఇంగ్లీషుల రాసి పంపిండు. నువ్వు మన మాటల చెప్పినవ్."

అని మెట్లు దిగి పోయింది. ఆయన పిలుస్తడేమో అని చూసిన. పిలవలే. పోయే ముందు ఆమె చెప్పులు వేసుకుంటుంటే మాత్రం, "మెట్లు పాసి పట్టినయ్, పైలంగ దిగు" అన్నడు. ఆ మాట నిజంగనే ప్రేమతోని అన్నడు. సేటును తలుచుకుంటే కోపం, జాలి రెండూ ఒకేసారి పుట్టేది అందుకే.

ఆ నెల కాంగనే నేను ఉద్యోగం మానేసిన. యాదమ్మకు అసలు పట్టికలనే ఒక పేరు తీసి ఇస్తనన్న. "ఇగ పేర్లు వద్దు మేడం. ఎవరిచ్చినా ఇచ్చినోనిదే అయితున్నది" అన్నది.

తర్వాత పెద్ద కంపెనీల తీగలు వచ్చినయి. సేటు గిరాకీలు ఒక్కొక్కలే జారిపోయిన్రు. తీగ మారంగనే ఆ ఇంట్ల డాట్ మనూరు పేర్లన్నీ ఒక్కసారిగ మాయం. బాగున్నప్పుడు గీత నేర్చుకున్నోళ్లే ఇప్పుడు, "ఆ సేటు మాకు ఉత్తుత్త పేర్లు అంటగట్టిండు" అని మాట్లాడిన్రు. టైలర్ బోర్డు మీద పేరుకు సున్నం కొట్టి ఫోన్ నంబరు రాయించుకున్నడు. సత్తయ్య చెప్పేటోడు, సేటు అదే ఆఫీసుల ఒక్కడే కూసొని తన పేర్లు తనే కొట్టుకొని చూసుకుంటున్నడని. ఆయన కంప్యూటర్ల అన్నీ తెరుచుకునేవి.

ఆఖరిసారి ఆయన్ను చూసింది అమీన్‌పూర్ చెరువు కట్ట మీద. బాగ సన్నబడ్డడు. నా పిల్లల పేర్లు అడిగిండు, ఇస్కూల్ల ఆ పేర్లు సరిగ రాస్తున్నరా అని అడిగిండు. కొంచెం దూరం నడిచినంక ఆయనే మాట ఎత్తిండు.

"ఆ పేరు మళ్ల పెట్టిన."

"ఎప్పుడు?"

"అమ్మ పోయినంక. ఇప్పటికీ ఉన్నది. కొడితే తెరుసుకుంటది, కానీ లోపల ఏం లేదు. యాదమ్మ ఫోన్ ఎత్తుతలేదు. నువ్వు చెప్పు బిడ్డా."

"నేనేం చెప్పాలె సేటు? పేరు ఉన్నదని చెప్పాల్నా? మీ తమ్ముని ట్యాంకర్ ఫోటో మళ్ల పెడితే ఉంచుతరా?"

ఆయన చెరువు దిక్కు తిరిగి నిలబడ్డడు. ఉంచుత అంటడని ఎదురుచూసిన. మనిషి అబద్ధమన్నా చెప్తడనుకున్న. చెప్పలే. "తమ్ముడు తమ్ముడే గదనే" అన్నడు మెల్లగ. ఆ ఒక్క నిజం ఆయన నోటినుంచి రావుడు నాకు అప్పుడు మంచిగనిపియ్యలే. ఇప్పుడు అనుకుంటే, వేదిక మీదాయన కంటే సేటే నయం. అడిగినదానికి జవాబు చెప్పిండు.

సత్తయ్య ఫోన్ చేసిన రోజు ఇంటికి పోయిన. తమ్ముడే అన్నీ చూసుకుంటున్నడు, వచ్చినోళ్లను పేరు పేరున పలకరిస్తున్నడు. ఆఫీసు ఖాళీ చేసిన్రట, సర్వరు బంద్ చేసుడు ఎవరికీ రాకపోతే కరెంటు వైరు గుంజేసిన్రట. అక్కడ యాదమ్మ కనపడలే. బయటికొచ్చి ఫోన్ చేసిన. నా నంబరు కాబట్టి ఎత్తింది.

"సేటు పోయిండు యాదమ్మా."

ఆ దిక్కు నీళ్ల చప్పుడు వినొచ్చింది. ఎవరో బిందెలు కడుగుతున్నట్టుంది వెనక.

"పోయిండా... మా ఇంట్ల కూసొని మా అత్తకు గీత పెట్టుడు నేర్పిండు మేడం. ఆమె వేలు వంగకపోతే గంటసేపు కూసున్నడు" అన్నది. తర్వాత, "నాలా గట్లనే పారుతున్నది" అన్నది.

"ఇప్పుడు ఎక్కడ రాస్తున్నరు?"

"రోడ్డు మీద గోడకు రాస్తున్నం. పొద్దున రాస్తే మాపటికల్ల సున్నమేస్తరు. మళ్ల రాస్తం. ఎవరికైన సరే, పోయేటోళ్లకు వచ్చేటోళ్లకు ఒక్క పూట కనపడ్తది గద."

"గోడ ఎవరిది?"

యాదమ్మ నవ్వింది. "కంపెనీదే మేడం. మనకు గోడ యాడిది?"